పిడికిట్లో తాళంచెవులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు ప్రచారాలు నడిచాయి. ఒకటి మా ఆయన కమలాకర్‌ది, కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్ష పదవి కోసం. రెండోది మా అత్తగారు భారతమ్మది, నా కూతురు వర్షకు ఫిట్స్ ఉన్నాయని. మా ఆయన కరపత్రాలు వేయించాడు, ఫ్లెక్సీలు కట్టించాడు, పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మలతో ఊరందరికీ శుభోదయాలు చెప్పాడు. మా అత్తగారికి ఆ హంగామా ఏదీ అక్కర్లేకపోయింది. కొత్తపేట రైతుబజారులో బెండకాయలు ఏరుకుంటూ పక్కావిడ దగ్గర ఒక్కసారి నిట్టూర్చింది. ఆవిడ ప్రచారమే ముందు గెలిచింది.

కొత్తపేట పొలాలుగా ఉన్న రోజుల్లో వాటిలో కొంత మా అత్తవారిది. తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటిలో ఫ్లాట్లు కొనుక్కుని గుంటూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం వచ్చి దిగారు. ఆ జనంలోంచి వచ్చినదాన్నే నేను. మా అమ్మానాన్నలు ఎల్బీ నగర్‌లో ఉంటారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు రీజనింగ్ చెబుతాను. కమలాకర్, నేను ఇష్టపడి చేసుకున్నాం. తమ పొలంలో ఇళ్లు కట్టుకున్నవాళ్ల వైపు పిల్ల చివరికి తమ ఇంట్లోకే వచ్చి కూర్చుందని మా అత్తగారి కడుపుమంట. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ నోట్లో నా పేరు ఉదయలక్ష్మి కాదు, 'ఆంధ్ర పిల్ల'.

ఆ ఎండాకాలం మాత్రం మా ఆయనకు నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కారణం తెలియనంత అమాయకురాలిని కాను. పోటీలో ఉన్న వెంకట్రావుగారిది తెనాలి వైపు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. కాలనీలో సగం ఓట్లు మావాళ్లవి, అవి వద్దన్నా ఆయనకే పడతాయి. వాటిని ఇటు తిప్పగల మనిషి మా ఇంట్లో ఒక్కత్తే ఉంది. అందుకని నా పులిహోర ఉన్నట్టుండి అమృతమైపోయింది. నా యాసలో నలుగురు ఆడవాళ్లతో మాట్లాడితే ముచ్చటగా ఉంటుందట. కరపత్రం మీద తన ఫొటో పక్కన నా ఫొటో వేయించి, కింద 'మీ ఊరి ఆడపడుచు, మన కాలనీ కోడలు' అని రాయించాడు. అది చదివి మా అత్తగారు ఆ పూట అన్నం తినలేదు.

వర్షకు వేసవి సెలవులిచ్చిన వారంలోనే మొదటిసారి వచ్చింది. అప్పుడు దానికి ఏడేళ్లు. మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా మా అత్తగారు ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, నీ బిడ్డకు మూర్ఛొచ్చింది అని పెట్టేసింది. చేతిలో మార్కర్ కూడా బల్ల మీద పెట్టకుండా పరిగెత్తాను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఇరుక్కుపోతే దిగి నడిచాను. ఇల్లు చేరేసరికి వర్ష టీవీ ముందు కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతూ మామిడిపండు తింటోంది.

జరిగింది మా అత్తగారే చెప్పింది. ఆ రోజు నాకు, ఆ తర్వాత వారం రోజుల పాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ. పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ గోడ పట్టుకుని కూలబడిందట. మొహం పాలిపోయిందట, కనుగుడ్లు కదిలాయట, పిలిస్తే పలకలేదట, పిడికిలి బిగుసుకుపోయిందట. ఇనుము చేతికి తగిలితే ఫిట్స్ దిగుతాయని కదా, తన నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి తీసి దాని చేతిలో పెట్టిందట. అంతే, పిల్ల లేచి కూర్చుందట. ఆ గుత్తిలో బీరువా తాళం, దేవుడి గది తాళం, కిరాయికిచ్చిన పై వాటాల తాళాలు అన్నీ ఉంటాయి. ఇంట్లో ఎవరు ఏది తీయాలన్నా ఆవిడ నడుము వైపు చూడాల్సిందే. ఆ గుత్తి వల్లే పిల్ల బతికిందని ఆవిడ చెబుతుంటే మా ఆయన తలాడించాడు.

ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాం. చూసింది తానే కనుక మా అత్తగారే ముందు కూర్చుంది. డాక్టరు అడగాల్సినవే అడిగాడు. పిడికిళ్లు బిగుసుకున్నాయా అంటే రాయి లెక్క అయినయి అంది. పిలిస్తే పలికిందా అంటే సోయే లేదు, ఇంక పలుకుడెక్కడిది అంది. నేను కళ్లతో చూడలేదు కాబట్టి ఏం చెప్పగలను, పక్కన నిలబడి విన్నాను. తలకు వైర్లు పెట్టి పరీక్ష చేశారు, అందులో ఏమీ లేదు. ఫిట్స్ ఉన్నా ఒక్కోసారి ఆ పరీక్షలో కనపడదని, లక్షణాలను బట్టే పోవాలని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. ఆయన తప్పు నేను పట్టను. ఆయన విన్నది ఆయన రాశాడు.

మాత్రలతో వర్ష వర్ష కాకుండా పోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఎదురెళ్లి, నాతో నా యాసలో, వాళ్ల నాన్నతో వాళ్ల యాసలో గలగలా మాట్లాడే పిల్ల, నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మర్చిపోయి నిద్రపోయేది. అంతా చేసి ఆ రావడం మాత్రం ఆగలేదు. ఎప్పుడొచ్చినా నేను క్లాసులో ఉన్నప్పుడే. నేను ఇంటికొచ్చేసరికి మా అత్తగారు దాన్నో కథగా చెప్పడానికి సిద్ధంగా ఉండేది.

ఏమవుతుందే నీకు అని వర్షనే అడిగాను. ఇల్లు గిర్రున తిరుగుతుందమ్మా, నేను పడిపోతానేమోనని ఏదో ఒకటి పట్టుకుంటాను, కాసేపటికి ఇల్లు ఆగిపోతుంది అంది. ఆ మాట మా ఆయనకు చెప్పాను. చిన్నపిల్లకేం తెలుస్తుంది, డాక్టరు కంటే ఎక్కువా అన్నాడు. పక్క గదిలోంచి మా అత్తగారు, తల్లికి తగ్గ బిడ్డ, ఇద్దరికీ తలకాయల్లోనే రోగం అంది.

ఆవిడ ఎత్తిపొడిచింది నా తలనొప్పిని. నెలకొకసారి నాకు కుడి కణత పగిలిపోతుంది. వెలుతురు చూడలేను, చప్పుడు భరించలేను, వాంతి అయ్యేదాకా నలిగిపోయి, చీకటి గదిలో తలకు చున్నీ బిగించుకుని పడుకుంటాను. ఆ ఇంట్లో దాన్ని నొప్పి అని ఎవరూ అనలేదు. "బ్యాంకు పరీక్షలకు పాఠాలు జెప్పే తలకాయే గదా, నాలుగు గిన్నెలు తోమమంటెనే నొస్తది" అని మా అత్తగారు చుట్టాలందరి ముందూ అనేది. చుట్టాలు నవ్వేవారు. మా ఆయన కూడా నవ్వేవాడు.

మెల్లగా ఇంట్లో మా అత్తగారు వర్షకు హద్దులు గీసేసింది. మెట్లెక్కకూడదు, మేడ మీదికి పోకూడదు, పక్కింటి పిల్లలతో ఆడకూడదు. బంధువుల పెళ్లికి దాన్ని తీసుకెళ్తానంటే నలుగురిలో పడితే పరువేం కావాలని అడ్డుపడింది. నేను మాటకు మాట అన్నాను. ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య సర్ది చెప్పుకోవడాలు లేవు, ఎదురెదురుగా నిలబడి అనుకోవడమే. గిన్నె పెట్టే చప్పుడులో కూడా పోట్లాట ఉండేది. మా ఆయన మాత్రం రెండు వైపులా మంచివాడు. ఆవిడ గదిలో ఆవిడకు కొడుకు, నా గదిలో నాకు మొగుడు, వీధిలో కాలనీకి సేవకుడు.

వోటింగు దగ్గర పడ్డాక ఒక ఆదివారం మావాళ్లలో ఆడవాళ్లను టీకి పిలిపించాడు. పక్క అపార్ట్‌మెంట్ తిరుపతమ్మగారు వచ్చింది. ఆవిడది నరసరావుపేట. ఆవిడ చెవిన పడింది సాయంత్రానికి కాలనీ అంతా పాకుతుంది. ఇంకో నలుగురైదుగురు వచ్చారు. నేను చేగోడీలు చేశాను. వర్ష ఆ పూట కాస్త హుషారుగా ఉండి, ప్లేటు తానే అందిస్తానని పట్టుబట్టింది.

తిరుపతమ్మగారి ముందుకు వెళ్లి ప్లేటు చాపిన పిల్ల అలాగే ఆగిపోయింది. ప్లేటు జారి చేగోడీలన్నీ గచ్చు మీద దొర్లాయి. వర్ష చతికిలబడి టీపాయ్ కాలును రెండు చేతులతో వాటేసుకుంది. మొహంలో రక్తం లేదు, నుదుటి మీద చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి, నల్లగుడ్లు ఒక పక్కకు గబగబా కొట్టుకుంటున్నాయి. నేను వెళ్లి పట్టుకున్నాను. అమ్మా, గట్టిగా పట్టుకో అంది. సోయి లేదన్న పిల్ల నన్ను గుర్తుపట్టి, అమ్మా అని పిలిచి, ఏం కావాలో చెప్పింది.

అప్పుడు మా అత్తగారు వచ్చింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, టీపాయ్ కాలు పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే ఊడదీసి, అరచేతిలో గుత్తి పెట్టి, వేళ్లు ముడిచి, పైనుంచి తన చేత్తో అదిమింది. పడేస్తే చూడు అని పళ్ల సందున అంది. ఆ మాట నాకు వినపడింది. వర్ష పిడికిలి బిగించి అలాగే పట్టుకుంది. కాసేపటికి మొహానికి రంగు తిరిగింది, లేచి, అమ్మా నాకు చేగోడీలు మిగిలాయా అని అడిగింది. వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, టీ సగంలో వదిలేసి లేచారు.

వాళ్లు గేటు దాటాక మా ఆయన లోపలికొచ్చాడు. పిల్లకెలా ఉంది అని అడుగుతాడనుకున్నాను. "ఇప్పుడే రావాల్నా ఇది, అందరి ముంగట" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

ఆ సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేశాను. మా అమ్మ ఇందిరాదేవి స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది, ఎవరు ఏం చెప్పినా స్టెప్పులన్నీ చూపించమనే మనిషి. చూసినవాళ్లు చెప్పింది సరే, పడ్డ పిల్లనెవరైనా అడిగారా అంది. ఎవరూ అడగలేదు. ఎల్బీ నగర్‌లో పిల్లల నరాల డాక్టరు ప్రసన్నకుమార్ దగ్గర మా అమ్మే టైము తీసుకుంది. ఆ సంగతి తెలిసి మా అత్తగారు ఒంటికాలి మీద లేచింది. వియ్యపురాలు చూపించే డాక్టరు వియ్యపురాలి మాటే చెబుతాడని ఆవిడ లెక్క. "జూసినదాన్ని నేను, జెప్పేది నేనే" అని మా అందరికంటే ముందు కార్లో ఎక్కింది.

ఆస్పత్రిలో ఇద్దరు వియ్యపురాళ్లూ చెరో చివర కూర్చున్నారు. మా అమ్మ వదినగారూ బాగున్నారా అంటే మా అత్తగారు గోడ మీద గడియారానికి జవాబు చెప్పింది.

డాక్టరు ముందు మా అత్తగారి మాటంతా విన్నాడు. ఎక్కడా అడ్డు రాలేదు. ఆవిడకు ఉత్సాహం వచ్చి మూతి వంకర పోయిందని, నురగ కూడా వచ్చిందని కొత్తగా రెండు కలిపింది. ఆ తర్వాత ఆయన వర్షను మంచం మీద కూర్చోబెట్టాడు. చెవుల్లోకి చూశాడు. వేలు అటూ ఇటూ తిప్పి దాన్నే చూడమన్నాడు. గచ్చు మీది గీత వెంబడి అడుగులో అడుగేసి నడవమన్నాడు. కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. పడుకోబెట్టి తల చటుక్కున పక్కకు తిప్పి కళ్లలోకి చూశాడు. వర్షకు ఇదంతా ఆటలా ఉంది. అన్నింటిలో నెగ్గింది. అప్పుడు ఆయన కుర్చీ దాని దగ్గరికి జరుపుకుని, ఇల్లు తిరిగేటప్పుడు ఏ పక్కకు తిరుగుతుంది అని అడిగాడు. అది గాలిలో వేలితో సున్నాలు చుట్టి చూపించింది.

"మరి పిడికిలి ఎందుకు బిగించావు?"

"నానమ్మ తాళాలు పెట్టింది కదా. పడేస్తే కొడతానంది. అందుకే గట్టిగా పట్టుకున్నా."

డాక్టరు మా అత్తగారి వైపు చూడలేదు. పిలిస్తే పలకవట, ఎందుకని అడిగాడు. నోరు తెరిస్తే వాంతి వచ్చేటట్టుంటుంది అంది వర్ష. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడేవి నీకు వినపడతాయా అన్నాడు. మా అత్తగారు మధ్యలో అందుకుని, దానికేం ఇనవడ్తది, సోయుంటే గదా అంది.

"నాకన్నీ వినపడతాయి" అంది వర్ష.

"ఏం విన్నావో ఒకటి చెప్పు చూద్దాం."

వర్ష వెన్ను నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. స్కూల్లో పద్యం అప్పజెప్పేటప్పుడు అది అలాగే కూర్చుంటుంది. ఆ రోజు అమ్మ క్లాసుకెళ్లింది, డాడీ అన్నం తింటున్నాడు, నేను సోఫా మీదున్నా అని మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన గొంతు దానిది కాదు. దీర్ఘాలూ, నిట్టూర్పులూ, మధ్యలో ముక్కు ఎగబీల్చడం సహా అచ్చం వాళ్ల నానమ్మది.

"'గీ పిల్లను రేపు ఎవడు చేసుకుంటడు కొడుకా. తల్లిని, పిల్లను వాళ్లింటికి తోలు. నీ బతుకు నువ్వు బతుకు.'"

చెప్పమన్నది ఒకటే, కానీ మొదలుపెట్టింది సగంలో ఆపే అలవాటు దానికి లేదు. గొంతు మార్చి వాళ్ల నాన్నను కూడా అప్పజెప్పింది.

"'ఎలక్షన్లు అయిపోనియ్యి అమ్మా, గప్పటిదాంక ఊకో. ఆంధ్రోళ్ల ఓట్లన్నీ దీనితోనే ఉన్నయి.'"

చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు డాక్టరు మొహంలోకి చూసింది. గోడ మీద చెవి లోపలి భాగాల పటం ఉంది. నత్తగుల్లలాంటిది ఒకటి, దాని మీద మూడు వంపు గొట్టాలు. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. నా పక్కన మా ఆయన కుర్చీ కిర్రుమంది.

"చాలా బాగా చెప్పావమ్మా" అని డాక్టరు పెన్ను తీశాడు. పెద్దవాళ్ల వైపు తిరిగి, మామూలు గొంతుతో, ఇది ఫిట్స్ కాదన్నాడు. మీరు చెప్పినట్టు సోయి తప్పే రకమే అయితే పిల్ల ఇన్ని మాటలు విని, ఇలా అక్షరం పొల్లుపోకుండా చెప్పలేదన్నాడు. ఒంటిని నిలకడగా ఉంచే వ్యవస్థ కొందరు పిల్లల్లో ఉన్నట్టుండి కాసేపు తికమక పడుతుందట. అప్పుడు లోకం తిరిగినట్టుంటుంది, కళ్లు కొట్టుకుంటాయి, భయంతో దొరికినదాన్ని పట్టుకుంటారు, నిమిషాల్లో తగ్గిపోయి మళ్లీ ఆటకు పోతారు. చాలామందికి పెద్దయ్యేకొద్దీ పోతుంది. దీనికీ ఒకవైపు వచ్చే తలనొప్పికీ చుట్టరికం ఉంది, మీ ఇళ్లలో ఎవరికైనా అలాంటి తలనొప్పి ఉందా అని అడిగాడు.

అందాకా తల దించుకున్న మా అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. "మా దిక్కు ఎవ్వలకు లేదు. గిదో, దీనికే. నెలనెలా చున్నీ కట్టుకొని చీకట్ల పండుకుంటది, పని తప్పించుకునేటందుకు."

"వాంతులవుతాయా, వెలుతురు పడదా?" అని డాక్టరు నన్ను అడిగాడు. అవునన్నాను. సరిగ్గా అదేనన్నాడు, కాగితం మీద రాసుకున్నాడు. ఆ ఇంట్లో నా తలనొప్పిని నొప్పి అని మొదట ఒప్పించింది మా అత్తగారే. నన్ను తిట్టబోయి సాక్ష్యం చెప్పింది.

చూసినవా, వాళ్ల రక్తమే అంది ఆవిడ కొడుకుతో, గెలిచిన గొంతుతో. బదులు మా అమ్మ ఇచ్చింది.

"మా రక్తమేనండీ వదినగారూ. చెవులు బాగా పనిచేస్తాయి."

డాక్టరు వినీ విననట్టు జాగ్రత్తలు చెప్పాడు. వేళకు తిండి, వేళకు నిద్ర, ఎండలో తిప్పవద్దు. వచ్చినప్పుడు కూర్చోబెట్టి పట్టుకుంటే చాలు, చుట్టూ మూగవద్దు, తాళాలు అక్కర్లేదు, వీలైతే కళ్లు కనపడేలా ఫోన్లో వీడియో తీయండి. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గిద్దామని, ఎలా తగ్గించాలో రాసిచ్చాడు.

తిరుగు దారిలో కారులో వర్ష నా ఒళ్లో నిద్రపోయింది, లేదా నిద్రపోయినట్టు కనపడింది. ఇప్పుడు నాకు ఆ తేడా తెలుసు కనుక నేను నోరు తెరవలేదు. కొత్తపేట మలుపు దగ్గర సిగ్నల్ పడితే మా ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. "చిన్నపిల్ల మాటలు పట్టుకుంటవా ఉదయా. వోటింగు వచ్చే ఆదివారమే. అయినంక కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఎలక్షన్లు అయిపోవాలి. నేను సరేనన్నాను. ఆ సరే విని ఆయన స్థిమితపడ్డాడు. అన్నేళ్లు నాతో కాపురం చేసి నా సరేల్లో తేడా పట్టలేని మనిషి.

మర్నాడు పొద్దున ఆడవాళ్లతో ఇంటింటి ప్రచారం పెట్టుకున్నాడు. నేను ముందు నడవాలి, మావాళ్ల అపార్ట్‌మెంట్లలో బొట్టు పెట్టి ఓటడగాలి. ఆయన షామియానా దగ్గర జనాన్ని పోగేస్తుండగా నేను రెండు సంచులు సర్దాను. వర్ష బట్టలు, పుస్తకాలు, మాత్రలు, నా సర్టిఫికెట్లు. హాల్లో మా అత్తగారు చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. నా చేతిలో సంచులు చూసి లేచి నిలబడింది. ఆపుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, ఎందుకనుకున్నానో తెలియదు.

"పోయేదానివి ఆదివారం దాటినంక పో" అంది.

నాకు నిజంగా నవ్వొచ్చింది. ఆవిడ నన్ను వారం రోజులు ఉండమని బతిమాలడం ఆ ఇంట్లో అదే మొదలు, అదే ఆఖరు.

ఆటో ఇంటి ముందుకే పిలిపించుకోవచ్చు. పిలిపించుకోలేదు. వర్ష చెయ్యి పట్టుకుని, భుజానికో సంచి, చేతికో సంచితో కాలనీ మధ్య వీధిలో నడిచాను. రెండు వైపులా స్తంభాలకు మా ఆయన ఫ్లెక్సీలు, వాటి మీద నవ్వుతున్న నేను. తిరుపతమ్మగారు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పాల ప్యాకెట్లతో నిలబడి ఉంది. సంచులు చూసింది, ఫ్లెక్సీ చూసింది, మళ్లీ సంచులు చూసింది.

"ఏవమ్మా, ఎలక్షన్లు పెట్టుకుని పుట్టింటికా?"

"అయ్యాక పంపిద్దామనుకున్నారండీ. నేనే ముందు వెళ్తున్నాను."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా అంతా అర్థమయ్యే వయసు ఆవిడది. పిల్లకు ఏమైందని మాత్రం అడిగింది. కళ్లు తిరుగుతాయండీ, ఫిట్స్ కావు, డాక్టరు చెప్పాడు అన్నాను. ఆ మాట కూడా కాలనీ అంతా వెళ్లాలనే చెప్పాను. వర్ష ఆవిడకు చెయ్యి ఊపింది. మెయిన్ రోడ్డు మీద ఆటో ఎక్కి ఎల్బీ నగర్ పోనిమ్మన్నాను.

ఆదివారం మా ఆయన ఓడిపోయాడు. ఎంత తేడాతో అని నేను అడగలేదు. ఆ రాత్రే ఫోన్ చేసి నా పరువు గంగల కలిపినవ్ అని తిట్టాడు. మర్నాడు మళ్లీ తిట్టాడు. ఇంటిగుట్టు వీధిన పెట్టిందని మా అత్తగారు రైతుబజారులో చెప్పుకుంటోందని తెలిసింది. గుట్టు వాళ్లది, పెట్టింది కూడా వాళ్లే. నేను సంచులు పట్టుకుని నడిచానంతే. వారం పోయాక ఫోన్లు ఆగిపోయాయి.

వానలు పడ్డాయి, బళ్లు తెరిచారు. వర్షను మా అమ్మావాళ్ల ఇంటి దగ్గర స్కూల్లో చేర్చాను. మాత్రలు తగ్గేకొద్దీ పిల్ల తేరుకుంది. మళ్లీ ఇల్లంతా దాని మాటే. అప్పుడప్పుడూ ఇల్లు తిరిగేది. వచ్చేస్తోందమ్మా అని తానే చెప్పి, ఉన్నచోట కూర్చుని, నా చెయ్యి అడిగేది. నేను ఇచ్చేదాన్ని. ఆగిపోయిందమ్మా అని తానే చెప్పేది.

ఒక ఆదివారం ముసురులో మా ఆయన వచ్చాడు. మా నాన్న రామారావుగారు ఆయనకు పేపరిచ్చి తాను లోపలికి వెళ్లిపోయాడు. మా అమ్మ వంటింట్లోంచి రాలేదు కానీ గిన్నెలు ఆవిడ తరఫున మాట్లాడాయి. వర్ష బాల్కనీ గ్రిల్ దగ్గర నిలబడి వాన చూస్తోంది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాడని ఆ సవరింపులోనే తెలిసింది.

"అమ్మ పెద్దామె ఉదయా. ఏదో అంటది. నువ్వే జర సర్దుకోవాలె. గా రోజు నేనన్నది కూడ, నిజానికి..."

బాల్కనీలో వర్ష గ్రిల్ పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుంది. నేను లేచేలోపే ఆయన లేచాడు. వాళ్లమ్మను చూసి అలవాటు పడ్డ చెయ్యి కదా, పరిగెత్తుతూనే జేబులోంచి కారు తాళాలు తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని దాని వేళ్లు విప్పి అరచేతిలో పెట్టాడు. వర్ష చెయ్యి ముడవలేదు. తాళాలు జారి గచ్చు మీద పడి చప్పుడయ్యాయి. మొహం తెల్లగా ఉంది, కళ్లు ఒక పక్కకు కొట్టుకుంటున్నాయి. వాళ్ల నాన్నతో మాట్లాడే యాసలోనే, మెల్లగా అంది.

"తాళాలు వద్దు డాడీ. నువ్వు మాట్లాడు. నాకన్నీ ఇనవడ్తయి."

ఆయన నా వైపు చూశాడు. నేను వెళ్లి పిల్ల రెండో పక్కన కూర్చుని చెయ్యి ఇచ్చాను. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. కాసేపటికి దాని కళ్లు నిలబడ్డాయి, బుగ్గలకు రంగొచ్చింది. గౌను అంచుతో నుదురు తుడుచుకుని, వాళ్ల నాన్న వైపు తిరిగి బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆగిపోయింది. ఇప్పుడు చెప్పు డాడీ."

ఆయన కూడబలుక్కుని తెచ్చుకున్న మాటల్లో ఆ పిల్ల ముందు చెప్పగలిగింది ఒక్కటీ లేదు. నేల మీది తాళాలు తీసుకుని లేచాడు.